ఓబుళేశు సాపు చేసిన ఇంజను

రాయచోటిలో మందు కొట్టే మిషన్లు బాగుచేయడంలో ఓబుళేశును మించినవాడు లేడని ఓబుళేశే చెప్పుకుంటాడు. ఊళ్లోవాళ్లు కూడా కాదనరు, ఎందుకంటే అది నిజమే. వీపున తగిలించుకుని టమాటా తోటలకు పురుగుమందు కొట్టే ఆ మిషన్లలో బుల్లి ఇంజన్లుంటాయి. తాడు ఒక్కసారి లాగి, చప్పుడు విని, రోగం ఫలానా అని చెప్పేస్తాడు. ముప్పైయేళ్లలో ఆయన షాపుకొచ్చిన ఇంజను ఏదీ నడవకుండా తిరిగిపోలేదు. మనిషికున్న ఆస్తల్లా ఆ పేరే. దాన్ని ఆయన తలుచుకునే తీరు చూస్తే కట్టుకున్నదానికి కూడా అప్పుడప్పుడు విసుగొస్తుంది.

అట్లాంటి మనిషి నెత్తిన ఈ ఏడాది వచ్చి కూర్చుంది, మూరెడు పొడుగు ట్రక్కు ఒకటి.

తెచ్చింది రాజశేఖర్. తాతలనాటి చేను చదును చేసి ప్లాట్లు వేసిన ఆసామి. రాళ్లయితే నాటాడు గానీ కొనేవాళ్లు రాలేదు. ఖాళీగా పడున్న ఆ రాళ్ల మధ్య, నలభై రెండేళ్ల వయసులో, రిమోటు పట్టుకుని బుల్లి ట్రక్కు తోలాలని బుద్ధి పుట్టింది ఆయనకు. బ్యాటరీది కాదు, నైట్రో ఇంధనంతో నడిచే అసలు సిసలు ఇంజను. పిట్ట కొంచెం, కూత ఘనం. అది లేచిందంటే పక్క చేలో మేకలు బెదిరి పరిగెత్తాల్సిందే. గట్టు మీంచి ఎగిరి, రెండు పల్టీలు కొట్టి వెల్లకిలా పడినా చక్రం ఊడదు, కమ్మి వంగదు. ఆ గట్టితనం చూసి ఓబుళేశుకు మొదట్లో ముచ్చటేసింది.

ట్రక్కు కొన్న వారంలోనే రాజశేఖర్ షాపుకు తెచ్చాడు. "మామా, తాడు లాగితే చెయ్యి నొప్పి పుడతాండాది. ఒకపారి చూడు," అన్నాడు.

ఓబుళేశు ఇంజను విప్పాడు. పిస్టన్ కింద బాగానే కదులుతోంది, పైకొచ్చేసరికి బిగుసుకుపోతోంది. కొత్త ఇంజను పట్టేయడమేమిటని నవ్వుకున్నాడు. పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని బల్ల మీద పరిచి, నట్లన్నీ దాని మీద పెట్టుకున్నాడు. సున్నా నంబరు ఎమరీ కాగితానికి నూనె పూసి, సిలిండరు లోపల పైభాగాన్ని మధ్యాహ్నం దాకా ఓపిగ్గా రుద్దాడు. మళ్లీ బిగిస్తే పిస్టన్ వెన్నలాగా కదిలింది.

"చేసినోళ్లకు చేతగాలే. నేను సాపు చేసినా," అన్నాడు. రాజశేఖర్ రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఆ ఆదివారం నుంచే మొదలైంది రభస. చల్లగా ఉన్నప్పుడు ట్రక్కు లేస్తుంది. రెండు చుట్లు తిరిగి వేడెక్కగానే చస్తుంది. ఇంధనం మంచిది కాదన్నాడు ఓబుళేశు. బెంగళూరు నుంచి కొత్త డబ్బా వచ్చింది. ఆముదం వాసనేస్తూ పొగయితే బ్రహ్మాండంగా వచ్చింది, బండి మాత్రం రెండో చుట్టుకే ఆగింది. దుమ్ము పోతోందన్నాడు. ఫిల్టరు మార్చారు. ప్లగ్గు పోయిందన్నాడు. ప్లగ్గూ మార్చారు. అవతల టమాటా రైతులు మిషన్లు తెచ్చి వరసగా పెట్టి, ఈ ఆటేందిరా నాయనా అన్నట్టు చూస్తున్నారు.

రాజశేఖర్ అయితే ప్రాణం తీశాడు. అన్నం ముందు కూర్చుంటే ఫోను. స్నానానికి పోతే ఫోను. వీడియోలో ఆగిపోయిన ట్రక్కును చూపించి, "ఇప్పుడేం చేయాల మామా?" అంటాడు. ఆగిపోయిన ట్రక్కును చూస్తే ఏం తెలుస్తుంది, ఆగిపోయిందని తప్ప? ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఓబుళేశు ఆయన్నీ, ఆయన సరదానూ, ప్లాట్లు కొనని జనాన్నీ కలిపి తిట్టుకునేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే అని అప్పుడెవరైనా అనుంటే పానా తీసుకుని పైకి లేచేవాడు.

నాలుగో ఆదివారం రాజశేఖర్ ఓపిక కూడా అయిపోయింది. "ఈ ట్రక్కు అమ్మిన కర్నూలాయప్ప, ఆ లేవి, నాకు చెత్త ఇంజను అంటగట్టినాడు మామా. ఇట్లాంటి ట్రక్కులు తోలేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతా. ఇంక వాని దగ్గర ఎవురూ కొనరు. రేపు పొద్దున ఫోన్ చేస్తా, మెకానిక్కుగా నువ్వొక మాట చెప్పు చాలు."

"చెప్తాలేప్పా. సరుకే మంచిది కాదు," అన్నాడు ఓబుళేశు. నమ్మే అన్నాడు.

ఆ మధ్యాహ్నం కూతురు స్వర్ణలత క్యారియరు తెచ్చింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పిల్ల. అన్నం పెట్టడానికి బల్ల మీది నట్లు పక్కకు జరిపి, కింది కాగితం చూసి, అలాగే నిలబడిపోయింది.

"నాయనా, ఇది ఎవురితోనన్నా చదివించుకున్న్యావా?"

"ఇంజను ముందరుంటే కాగితమెందుకు మా?"

"కొత్తలో పిస్టన్ పైకొస్తే శానా బిగుతుగా ఉంటాదంట. అది లోపం కాదంట. వేడికి సిలిండరు సాగితే అప్పుడు సరిపోతాదని, కావాలనే అట్ల చేసినారంట." ఆమె వేలు కింది వరస మీదికి జరిగింది. "లోపల రుద్దకూడదని పెద్దక్షరాలతో ఉండాది."

క్యారియరు విప్పనేలేదు. ఓబుళేశుకు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ బిగుతును తానే అరగదీశాడు. వేడెక్కి సిలిండరు సాగగానే పిస్టన్ చుట్టూ సందు ఏర్పడి ఒత్తిడంతా పోతోంది. ముందు కంపెనీవాళ్ల మీద మండిపోయాడు. తెలుగులో ఒక్క ముక్క రాస్తే వాళ్ల చేతులు పడిపోతాయా? తర్వాత సిగ్గేసింది. ఆ పైన భయమేసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. లేవి ఎక్కడో కర్నూల్లో ఉన్నాడు, తానెవరో కూడా ఎరగడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు.

పొద్దున్నే రాజశేఖర్ వచ్చి, ఓబుళేశు నోరు తెరిచేలోపే లేవికి ఫోన్ కలిపాడు. అవతల లేవి గొంతు బతిమాలుతోంది. "ఇట్లాంటివి ముప్పై అమ్మినా అన్నా, ఎవురూ ఈ మాట అనలే. గ్రూపులో పెట్టొద్దు అన్నా, నాకు ఇదే బతుకుదెరువు."

"మా మెకానిక్కు చెప్తాడు, విను," అని రాజశేఖర్ ఫోను ముందుకు చాపాడు.

ఓబుళేశు ఫోను తీసుకోలేదు. దాన్ని చేత్తో మూసి, "ఇంజను మంచిదేనప్పా," అన్నాడు మెల్లగా. "నేను లోపల రుద్దినా. రుద్దకూడదంట. చెడగొట్టింది నేనే."

రాజశేఖర్ మొహం ఎర్రబడింది. నాలుగు వారాల ఎండా దుమ్మూ అంతా గుర్తొచ్చినట్టు పళ్లు కొరుక్కున్నాడు. ఓబుళేశు తలొంచుకుని, పడాల్సిన మాటల కోసం కాచుకున్నాడు.

రాజశేఖర్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. "లేవీ, తప్పు నాదేనప్పా. తెలీక విప్పి, లోపల ఎమరీతో రుద్దినా. మా మామ చూసి కనిపెట్టినాడు, లేకుంటే నీ మీద నింద పడిపోతాండె. ఏమీ అనుకోవాకు."

ఓబుళేశు కాదనబోయాడు. రాజశేఖర్ చెయ్యెత్తి ఆపాడు. తిట్టుంటే ఎంత తేలిగ్గా ఉండేదో అనిపించింది ఓబుళేశుకు. నెల రోజులుగా ప్రతి పూటా తాను తిట్టుకున్న మనిషి మొహంలోకి చూడలేక, వంగి బల్ల కింద లేని నట్టు కోసం వెతికాడు.