నిన్న పప్పే లేదు మేడం!

మేం పెరిగిన కాలంలో, మహారాష్ట్రలోని మా భివండీలో నిశ్శబ్దమంటే కరెంటు పోయినప్పుడు వచ్చే ఒక జబ్బు. సాంచెలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం, 'మరమగ్గం' అనే మాటను నేను పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినలేదు) తిరుగుతున్నంతసేపూ ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. అవి ఆగాయంటే మధ్యాహ్నం కునుకు తీస్తున్న ముసలమ్మలు కూడా ఉలిక్కిపడి లేచి, "ఏమైందే, ఎవలన్న పోయిన్రా?" అని అడిగేవారు. అంత మోతలో మనిషి మాటకు రెండే దారులు. ఒకటి అరవడం. రెండోది గొంతును అసలు వాడకుండా పెదాలు కదిపి, చేతులు తిప్పి పని కానిచ్చుకోవడం. ఈ రెండింటికీ మధ్య 'మెల్లగా మాట్లాడటం' అనేది ఒకటుందని, మర్యాదస్తుల ప్రపంచమంతా దానిమీదే నడుస్తోందని కాలేజీకి వెళ్లేదాకా నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు. మెల్లగా చెప్పి ఉంటారు, నాకు వినబడి ఉండదు.

మా ఇల్లు ఆ ఊళ్లోనే నాగావ్‌లో, బాపు కిరాయికి నడిపే కార్ఖానా వెనక గదిలో. అవ్వ (మా అమ్మను మేం పిలిచేది అలాగే) గుమ్మంలో నిలబడి పెదాలతో "చారు వెట్టాల్నా, పచ్చిపులుసు చెయ్యాల్నా?" అని అడిగితే, సాంచెల వరస చివర్నుంచి బాపు పెదాలతోనే "నీ ఇష్టం" అనేవాడు. ఆ తర్వాత ఆ ఇష్టం మీద పెద్ద పోట్లాట కూడా పెదాల మీదే నడిచేది. చూసేవాళ్లకు వాళ్లిద్దరూ తిట్టుకుంటున్నారో, భజన చేస్తున్నారో తెలిసేది కాదు. నేను మాత్రం పక్కన కండెలకు నూలు చుడుతూ ఒక్క మాట పొల్లుపోకుండా చూసేదాన్ని (వినేదాన్ని అని రాయబోయి దిద్దుకున్నాను). ఇంకో సంగతి. కార్ఖానాలో గుట్టు అనేది లేదు. ఎవరి పెదాలు నీ కంటబడితే ఆ మాట నీదే. అవతలి మూల ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఇవతలి మూల నుంచి జవాబు చెప్పడం మా దగ్గర మర్యాద. చెప్పకపోతేనే "ఏందే, గంత పొగరా?" అనేవారు.

అలాంటి మర్యాదలో పెరిగిన నేను పన్నెండో తరగతి పాసైన ఏడాదే, ఊరి శివార్లలో టెంఘర్ అవతల కొత్తగా వెలసిన ఒక ఆడపిల్లల కాలేజీవాళ్లు యూనివర్సిటీ అనుమతితో 'ఆనర్స్' అనేదాన్ని తెచ్చిపెట్టారు. చదువు సగం తరగతిలో ఉంటుంది, మిగతా సగం క్యాంపస్ గాలిలో ఉంటుంది అని ప్రిన్సిపాల్ గారి సిద్ధాంతం. కాబట్టి ఆనర్స్ పిల్ల ఎవరైనా సరే, ఇల్లు షేర్ రిక్షా దూరంలో ఉన్నా సరే, హాస్టల్లోనే ఉండి ఆ గాలి పీల్చాలి. మొదటి నెలంతా కనిపెట్టి చూస్తారు. గాలి పడనివాళ్లను మామూలు బి.ఏ.కు పంపేస్తారు. మామూలు బి.ఏ.కు హాస్టల్ లేదు, పెట్టె తీసుకుని ఇంటికే.

బాపుకు ఇది అస్సలు మింగుడుపడలేదు. "హాస్టలంటే దూరమున్నోళ్లకు పోరీ. డాబా ఎక్కి సూస్తే నీ కాలేజి కనవడ్తది. గంత దగ్గరికి పెట్టె సదురుకొని పోతే నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి బాపు. ఆనర్స్ అంటే గట్లనే ఉంటదట."

"ఆనర్స్ అంటే ఏందే?"

నిజానికి నాకూ తెలియదు. కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు. "మామూలు బీయే కన్న బరువుంటది" అన్నాను. జీవితమంతా బట్టను చేత్తో ఎత్తి బరువు చూసి మంచిచెడ్డలు చెప్పిన మనిషి కదా, ఆ మాట ఆయనకు చటుక్కున అర్థమైంది. "బరువుంటదా? అయితే పోనీతీయ్" అని, ఆ సాయంత్రమే గల్లీ గల్లీకి తిరిగి తన బిడ్డ బరువైన చదువు చదవబోతోందని చాటాడు. అయితే నాకు మాత్రం వేలు చూపించి చెప్పాడు: "ఒకటి యాదివెట్టుకో. నెల తిరగంగనే వాపస్ పంపిన్రనుకో, ఇగ కాలేజి లేదు గీలేజి లేదు. కండెలు సుట్టుకుంట కూసోవాలె."

నూలు చుట్టిన దుంగల్లాంటి బీములు మోసే టెంపోలో, రెండు బీముల మధ్య నా ట్రంకు పెట్టె, ముందు సీట్లో ఒళ్లో ఆవకాయ జాడీతో నేను. అలా క్యాంపస్‌లో అడుగుపెట్టాను. గేటు దగ్గర వాచ్‌మన్ టెంపోను చూసి, "మాల్ పీఛే కే గేట్ సే" అని సరుకును వెనక గేటుకు మళ్లించబోయాడు. "మాల్ మైఁ హీ హూఁ" (ఆ సరుకును నేనే) అన్నాను. నవ్వాడు. ఆ కాలేజీలో నన్ను చూసి నవ్విన ఆఖరి ఉద్యోగి అతనే అనుకోండి, లోపలివాళ్లెవరికీ ఆ తర్వాత నవ్వొచ్చినట్టు లేదు.

ఎందుకంటే మొదటి రోజు భోజనాల దగ్గర నేను "నమక్ దేనా!" అన్నాను. నా లెక్కన అది చాలా సౌమ్యంగా అన్నట్టు. ఎదురుగా ఉన్న అమ్మాయి చేతిలో గిన్నె జారి కిందపడింది. వంటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నా గదిలో ఉండే నాసిక్ అమ్మాయి (పావురంలా కువకువమంటూ మాట్లాడేది, అందుకే ఆమె పేరు పావురం) నా చెయ్యి పట్టుకుని, "ఎవరితో గొడవ?" అని బెదురుగా అడిగింది. గొడవ కాదు తల్లీ, ఉప్పు! వార్డెన్ మేడం వచ్చి పెదాల మీద వేలుపెట్టి "ఉష్ష్" అన్నారు. ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అదే. తర్వాత ఎక్కువగా మాట్లాడిన మాట కూడా అదే. అందుకే మాకు ఆవిడ ఉష్షమ్మ.

సాయంత్రం పూట పెద్ద హాల్లో 'మౌన పఠనం' ఉండేది. పేజీ తిప్పడం తప్ప మరో చప్పుడు వినబడకూడదు. నాకు ప్రాణం లేచివచ్చింది. చప్పుడు లేకుండా మాట్లాడటం చేతకాకపోవడానికి నేనేమన్నా నాసిక్ నుంచి వచ్చానా? పావురంతో పెదాలు కదిపాను. మొదట దానికి అర్థం కాలేదు. రెండు మూడు సాయంత్రాల్లో అయింది. వారం తిరిగేసరికి హాలంతా హిందీలో, మరాఠీలో, చేతివేళ్లలో గలగలలాడిపోతోంది, అదీ సూది పడితే వినబడేంత నిశ్శబ్దంలో. మా కార్ఖానాలో సేఠ్ వస్తున్నాడంటే పొట్టమీద గుండ్రంగా రాసి చూపించేవాళ్లం. ఇక్కడ అదే గుర్తును ప్రిన్సిపాల్ గారికి కేటాయించాను, ఆయన పొట్ట కూడా సహకరించింది. ఎవరి సబ్బు ఎవరు వాడారు, ఇవాళ కూరేమిటి, ఎవరి అన్న బాగుంటాడు, అన్నీ అక్కడే తేలేవి. ఉష్షమ్మ గుమ్మంలో నిలబడి ఇంత క్రమశిక్షణ గల పిల్లలను తన సర్వీసులో చూడలేదని పొంగిపోయేది.

నెల ముగియవచ్చింది. ఓ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు, ఉష్షమ్మ హాలు చివరి తలుపు దగ్గర నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. నేనేమీ పొంచి చూడలేదు. అయినా కళ్లెదుట రెండు జతల పెదాలు కదులుతుంటే పుస్తకం ఎవరు చూస్తారు?

"ఆ నాగావ్ అమ్మాయి సంగతేమిటి? మార్కులు బాగున్నాయి" అన్నారాయన.

"మార్కులు బాగున్నాయి సార్, నోరే బాగాలేదు. ప్రతిదానికీ వాదనే. నిన్న పప్పు నీళ్లలా ఉందని వంటావిడతో అరగంట వాదించింది. మామూలు బి.ఏ.కు పంపేస్తే అందరికీ హాయి."

ఇక్కడ తెలివున్న ఏ పిల్లైనా భయపడాలి, లేదా ఏడవాలి. నా చదువు, నా బరువైన ఆనర్స్ ఆ తలుపు దగ్గర ఊగుతోంది. కానీ నన్ను పొడిచింది అది కాదు. నేను లేచి నిలబడి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, సాంచెల మీదుగా పిలిచే గొంతుతో అన్నాను: "నిన్న కాదు మేడం, మొన్న! నిన్న పప్పే లేదు!"

ఉష్షమ్మ ముఖం పాలిపోయింది. ప్రిన్సిపాల్ గారు తల ఎత్తి పైకప్పులో మైకు ఏమైనా ఉందా అని వెతికారు.

"నీకెవరు చెప్పారు?" అంది ఆవిడ.

"మీరే చెప్పారు మేడం."

"నేను సార్‌కు చెప్పాను!"

"అవును మేడం. నేను చూశాను."

(ఇందులో నా తప్పేమిటో నాకిప్పటికీ తెలియదు. రహస్యం చెప్పాలనుకున్నవాళ్లు వెనక్కి తిరిగి చెప్పుకోవాలి. మా కార్ఖానాలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.) ఆ మర్నాటి నుంచి ఉష్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరగసాగింది. ప్రిన్సిపాల్ గారు మాట్లాడినప్పుడల్లా జేబురుమాలు తీసేవారు, చూసినవాళ్లు ఆయనకు జలుబనుకున్నారు. చివరికి నా విషయం తేల్చడానికి, సెలవు రోజున తల్లిదండ్రులను రమ్మని మా గల్లీ చివరి పీసీఓకు ఫోన్ చేసి కబురు పెట్టారు.

సెలవు రోజంటే వాళ్ల మనసులో ఆదివారం. కానీ మా సాంచెలకు వారపు సెలవు శుక్రవారం. ఆదివారం నాడు సెలవుంటుందని బాపుకు చెబితే, "ఎవలకు?" అని అడుగుతాడు. కాబట్టి శుక్రవారం పొద్దున, ప్రిన్సిపాల్ గారు స్వయంగా మాకు అర్థశాస్త్రంలో గిరాకీ సూత్రం చెబుతుండగా, మూసి ఉన్న కిటికీ అద్దం అవతల ముందు బాపు ముఖం, ఆయన భుజం పక్కన అవ్వ ముఖం మొలిచాయి. పాఠానికి అడ్డు రాకూడదని బాపు మర్యాదగా పెదాలు మాత్రం కదిపాడు.

"ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే బాపు. పప్పు మాట మాట్లాడిన."

"పప్పు మాటకు వెళ్లగొడ్తరా? ఇంకేమో చేసినవ్."

అవ్వ ఆయన్ను పక్కకు నెట్టింది. "బక్కగైనవ్ బిడ్డా! తింటలేవా?"

నా చేతి చలవ వల్ల క్లాసులో అందరికీ పెదాలు చదివే పిచ్చి పట్టింది కదా, తెలుగు రాకపోయినా ఒక్కొక్కరే కిటికీ వైపు తిరిగారు. గిరాకీ సూత్రానికి గిరాకీ పూర్తిగా పడిపోయింది. ప్రిన్సిపాల్ గారు సుద్దముక్క కింద పెట్టి, "వాళ్లు మీ వాళ్లేనా?" అన్నారు. ఆ ప్రశ్న అవసరమా?

ఆఫీసు గదిలో బాపు చేతులు జోడించి, తన గొంతులో ఉన్నంత మెత్తదనమంతా పోగుచేసి "నమస్తే సార్!" అన్నాడు. బయట ప్యూన్ ఏదో పడిపోయిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. మీ అమ్మాయి ఇతరులు రహస్యంగా మాట్లాడుకునేవి చూసి చదివేస్తోందని ప్రిన్సిపాల్ గారు హిందీలో వివరించారు. బాపుకు నేరమేమిటో అర్థం కాలేదు. "చదివితే మంచిదే కదా సార్, చదువుకే కదా పంపాం" అన్నాడు తనకొచ్చిన హిందీలో. ఆ తర్వాత పెద్దల ముందు ఇంటి గొడవ బయటపడకూడదని, బాపు, అవ్వ పెదాల మీదికి దిగారు.

"తోల్కపోదాం పా. పిల్ల పుల్ల లెక్కయింది" అంది అవ్వ, చిటికెనవేలు నిలబెట్టి చూపిస్తూ.

"తోల్కపోతే గల్లీల మొఖమెట్ల సూపియ్యాలె? ఆనర్స్ అని అందరికి చెప్తిని."

"నీ ఆనర్స్‌ల మన్నువడ! గీ నీళ్లపప్పు తిని సస్తదా?" చెంబుతో నీళ్లు వంచినట్టు చెయ్యి వంచింది.

"నీళ్లుంటే తాగుతది. సదువైతే ఇడిసేది లేదు."

నేను బిత్తరపోయాను. వాపస్ వస్తే కండెలు చుట్టాలన్న మనిషి ఈయనేనా? సందు దొరికింది కదా అని నేనూ దూరాను. "నేను రాను అవ్వా!" ఇక ముగ్గురం ఒకరి పెదాల మీద ఒకరం పడిపోయాం. ప్రిన్సిపాల్ గారి మెడ అటూ ఇటూ తిరిగి తిరిగి అలసిపోయింది. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని ఉష్షమ్మను అడిగారు, "ఏమంటున్నారు వీళ్లు?"

నెలరోజులు నన్ను కాపలా కాసిన ఫలితం, ఆవిడకూ ఏదో వచ్చేసింది. అవ్వ చిటికెనవేలును, చెంబు వంపును చూసి కుంగిపోతూ, "మన పప్పు గురించే సార్" అంది.

ప్రిన్సిపాల్ గారు రుమాలు జేబులో పెట్టేశారు. "ముగ్గురు ఇంత ఘోరంగా పోట్లాడుకుంటున్నారు, గదిలో చప్పుడు లేదు. మన స్టాఫ్ మీటింగులు ఇలా జరిగితే ఎంత బాగుండు" అని నిట్టూర్చి, తీర్పు చెప్పారు. అమ్మాయి ఆనర్స్‌లోనే ఉంటుంది. కానీ హాల్లోనైనా, భోజనాల దగ్గరైనా ఆమె కుర్చీ గోడ వైపు తిప్పి ఉంటుంది. ఎవరి పెదాలూ ఆమె కంటబడకూడదు.

"ఏమంటుండే?" అన్నాడు బాపు పెదాలతో.

"గోడ దిక్కు కూసోవాలెనట."

"కూసో. గోడతోని మాత్రం లొల్లి వెట్టుకోకు."

ఆ రకంగా నేను మూడేళ్ల ఆనర్స్ గోడ వైపు తిరిగి పూర్తిచేశాను. పప్పు చిక్కబడిందని నా నాలుక చెప్పింది కానీ, దాన్ని తింటున్న వాళ్ల ముఖాలు నేను చూడలేదు. నా వెనక హాల్లో నేను నేర్పిన భాషలోనే అంతమంది అన్ని కబుర్లు చెప్పుకున్నారు, ఒక్కటీ నాకు దక్కలేదు. ఆ బాధ ఇంకా ఉంది. చూడటానికి మరేమీ లేక పుస్తకం చూశాను, ఫస్టు క్లాసు వచ్చింది. అర్థశాస్త్రం మీద ప్రేమతో వచ్చిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటున్నాను, మీరూ అలాగే చెప్పండి.

ఆ తర్వాత చాలామందితో వాదించాను. అత్తగారితో, ఆఫీసు పెద్దలతో, కూరగాయలవాళ్లతో, మావారితో (ఈ చివరిది ఇంకా నడుస్తోంది). అందరూ మధ్యలోనే అడ్డుపడ్డారు. జడ ముందుకు వేసుకుని, వెలిసిన సున్నపు గోడతో పెదాలు కదుపుతూ కూర్చున్న ఆ పొగరుబోతు పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. నన్ను చివరిదాకా చెప్పనిచ్చింది ఆ గోడ ఒక్కటే. పాపం, దానికీ విసుగొచ్చే ఉంటుంది. నా ఎదుట ఉన్నంత మేరే సున్నం రాలేది.