అప్పన్న మావ తనదని చెప్పుకున్న సబ్‌వూఫర్

నిన్న పొద్దున్న రైలు కోచ్ కింద పడుకుని బోల్టు విప్పుతుంటే ఫోన్ వచ్చింది.

అప్పన్న మావ పోయాడు. డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ కూలిపోయాడట. గుండె.

స్పానర్ జారి మొహం మీద పడింది. నొప్పి తెలియలేదు.

కోపం వచ్చింది.

రెండేళ్ళుగా ఆ మనిషితో నేను మాట్లాడలేదు. తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఎలా?

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ మంచి మీరు చెప్పుకోండి. నిన్నటి నుంచి 'బేస్ కింగ్, ఆర్‌ఐపీ' అని స్టేటస్‌లు పెడుతున్నారుగా. మీలో సగం మంది ఆయన్ని వెనకాల 'స్క్రాప్ దొంగ' అన్నవాళ్ళే.

నేనూ అన్నాను. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అప్పన్న మావ నాకు చుట్టం కాదు. నిమ్‌పురా రైల్వే కాలనీలో మా పక్క లైన్ క్వార్టర్. రైల్వేలో ఫిట్టర్. ఇంట్లో పాటలు వినడానికి సబ్‌వూఫర్లు, అంటే బేస్ కొట్టే పెద్ద స్పీకర్ బాక్సులు, సొంతంగా చేసుకునే పిచ్చి ఆయనది.

నేను అదే రైల్వే షెడ్‌లో కంట్రాక్టర్ దగ్గర పనివాణ్ణి. గేట్ పాస్ ఉంటేనే లోపలికి రానిస్తారు. పాస్ పోతే పని పోయినట్టే. బాక్స్ కట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, కొలతలు లెక్కేసుకుని, మొదటిది నేనే చేశాను.

చెక్క? షెడ్ వెనక పడేసిన పాత కోచ్ ఫ్లోర్ ప్లైవుడ్. ఇనుము లాంటిది. దాని ముందు బజార్లో దొరికే బోర్డు అట్టముక్క. కోసి బయటికి తెచ్చాను. ఎవరినీ అడగలేదు.

ఒక ముక్క మీద కోచ్ నంబర్ పెయింట్‌తో వేసి ఉంది. గీకలేదు. మందంగా పెయింట్ ఉంటే గాలి లీక్ అవదు కదా అని ఆ వైపు లోపలికి పెట్టి బిగించేశాను.

పెద్ద తెలివి.

తీసుకెళ్ళి మావకి చూపించాను. ఫోన్‌లో లోతైన టోన్ ఒకటి పెట్టి, అగరబత్తి వెలిగించి, పొగని బాక్స్ అంచుల వెంబడి తిప్పాడు. పొగ వణికిన చోటల్లా గాలి కారుతున్నట్టు. అక్కడ సుద్దముక్కతో గీత.

"ఏటిరా ఇది? సబ్‌వూఫరా, సిల్లుల డొక్కా?"

"మూడే కదా మావా."

"పడవ ములగడానికి ఒక్కటి సాలదేటి? ఇప్పు. మల్లీ సెయ్యి."

మూడుసార్లు విప్పించాడు. మూడోసారి రంపపు పొట్టు జిగురులో కలిపి ప్రతి అంచుకీ పూశాను. పొగ నిటారుగా లేచింది. ఆయన ఒక్క ముక్క మెచ్చుకోలేదు. కుర్చీ లాక్కుని బాక్స్ ముందు కూర్చుని పాట మొత్తం విన్నాడు. నాకు అదే సర్టిఫికెట్.

ఆ ఏడు మాతా పూజకి పట్టుబట్టి ఆ బాక్స్‌ని పందిట్లో పెట్టించింది ఆయనే. జనం వచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని బేస్ చూసుకుంటున్నారు. ఇందా పేట నుంచి వచ్చిన బెంగాలీ కుర్రాళ్ళు "దాదా, ఫాటాఫాటి!" అదిరిపోయిందని ఈలలు.

మధ్యలో వైరు ఊడింది. మావ స్పీకర్ విప్పి లోపలికి టార్చ్ వేశాడు. టీషర్ట్‌లో ఉన్న ఒకాయన వంగి చూసి, ఎవరు చేశారిది అని హిందీలో అడిగాడు.

"ఏ కిస్‌నే బనాయా?"

మావ నా వైపు చూడను కూడా లేదు.

"మైనే." తానే చేశాడట!

విప్పిన స్క్రూలు నా చేతిలోనే ఉన్నాయి. అక్కడే విసిరికొట్టి వచ్చేశాను.

బాక్స్ కూడా తిరిగి రాలేదు. పేరూ తిన్నాడు, బాక్సూ తిన్నాడు అనుకున్నాను.

కొన్నాళ్ళకి స్క్రాప్ విషయంలో మావకి ఛార్జ్‌షీట్ ఇచ్చారని, ప్రమోషన్ ఆపేశారని విన్నాను. ఏం స్క్రాప్ అని అడగలేదు. టీ కొట్టు దగ్గర పదిమందిలో "దొంగబుద్ధి ఎక్కడికి పోద్ది" అని నవ్వాను.

పోయిన నెల అదే కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు.

"ఏరా, కొత్తది ఏటైనా సేస్తన్నావా?"

ఉమ్మేసి వెళ్ళిపోయాను.

నిన్న సాయంత్రం, అంతా అయ్యాక, మావ భార్య పార్వతత్త నన్ను లోపలికి పిలిచింది.

"ఆ టీసర్టోడు ఎవుడనుకున్నావు? రైల్వే పోలీసు, ఆర్పీఎఫ్ వోడు. లోపల నంబరు సూసీసినాడు. నీ పేరు సెప్తే మర్నాడే నీ పాసు పీకీసేవోలు. తనది పర్మనెంటు ఉజ్జోగం, మహా అయితే ప్రమోసనాపుతారని ఈయన మీదేసుకున్నాడు. బాక్సు ఆలే అట్టుకుపోనారు."

"నాకెందుకు సెప్పలేదత్తా?"

"సెప్తే నువ్వు ఊరుకుంటావేటి? ఆపీసుకెల్లి నానే, నానే అని అరుస్తావు. ఆడికి సెప్పకే అని నా నోరు కూడా కట్టీసినాడు."

మావా, ఈ హక్కు నీకెవరిచ్చారు?

నా తప్పు నువ్వు మోశావు. నన్ను రెండేళ్ళు నీచుణ్ణి చేసి వదిలేశావు. నేను ఉమ్మినప్పుడు కూడా నోరు విప్పలేదు. దీన్ని త్యాగం అనేవాళ్ళు అనుకోనీ. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది. నా పాస్ గురించి అంత ఆలోచించినవాడివి, నేను ఎలాంటి మనిషిగా మిగిలిపోతానో ఒక్క నిమిషం ఆలోచించలేదా? నిజం చెబితే తట్టుకోలేని పసివాడిలా కనిపించానా?

నిన్ను క్షమించను. నన్ను నేనూ క్షమించుకోను.

ఇక స్టేటస్‌లు పెట్టే మహానుభావులారా, దీన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ కోచ్ చెక్క బయటికి తెచ్చింది నేను. కోసింది నేను. బాక్స్ కట్టింది నేను. అప్పన్న మావ దొంగ కాదు. ఆయన చేసిన తప్పల్లా ఒక్క అబద్ధం.

రేపు షిఫ్ట్‌కి ముందే ఆఫీసుకి వెళ్ళి ఇదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇస్తాను. పాస్ లాక్కుంటే లాక్కోనీ. ఆ ఛార్జ్‌షీట్ మీద ఉండాల్సింది నా పేరు.

నువ్వు భయపడిందే జరగబోతోంది మావా. ఆపడానికి నువ్వు లేవు.

నీకు శాంతి కావాలో బేస్ కావాలో నాకు తెలియదు. ఏది కావాలంటే అది నిండుగా దొరకాలి.

ఇక పడుకో.