నల్లబడిన కెమెరా తెరతో మానుకోట నుంచి భూపాలపల్లికి

జనగామలో పొద్దున బయలుదేరి మహబూబాబాద్ చూసుకుని, అక్కడి నుంచి నర్సంపేట, ములుగు మీదుగా సాయంత్రానికి భూపాలపల్లి చేరవచ్చా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ధైర్యంగా చేరవచ్చనే చెబుతాను. నేను ఆ దారిలో మొదటిసారి వెళ్లిన రోజున మాత్రం ఎవరూ నాకు ఆ మాట చెప్పలేకపోయారు. తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, రైళ్లు ఎక్కడ ఆగుతాయో తెలియదు. జనగామలో నేను పాఠాలు చెప్పే బడికి కూడా తాళం వేసి చాలా రోజులైంది. అలాంటి సమయంలో అమ్మ ఫోన్ చేసింది. కాన్పు కోసం గార్ల దగ్గర మా పుట్టింటికి వచ్చిన చెల్లెలు సుజాతకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. మహబూబాబాద్‌కు, అంటే మేమందరం మానుకోట అని పిలుచుకునే ఊరికి, ఆటోలో తీసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువగా ఉందని అద్దాల పెట్టెలో ఉంచారు.

పాప బతికే ఉందని భూపాలపల్లిలో ఉన్న సుజాత భర్త, మా మరిది శ్రీనును నమ్మించడం మాకు కష్టమైపోయింది. అతను బొగ్గుగనిలో పని చేస్తాడు. సమ్మె శిబిరం నుంచి ఇంటికి వస్తూ బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా కట్టు వేశారు. మూడేళ్ల క్రితం వాళ్ల మొదటి బిడ్డ పుట్టిన రోజే పోతే, డ్యూటీలో ఉన్న అతనికి పెద్దవాళ్లు ఒక రోజంతా ఆ మాట చెప్పకుండా, పాప బాగానే ఉందంటూ గడిపారు. అప్పటి నుంచి ఇలాంటి విషయాల్లో అతను ఎవరి మాటా నమ్మడు. "అప్పుడు గూడ గిట్లనే అన్నరు వదినా, మంచిగనే ఉన్నదని. నేను కండ్లతోని సూసేదాక నమ్మ. రేపటికి తేలకపోతే ట్రాక్టరెక్కి అయినా వస్త" అన్నాడు ఫోన్‌లో. ఆ కాలితో, ఆ రోడ్ల మీద ట్రాక్టరెక్కితే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు భయం వేసింది. మా ఇంట్లో చిన్న డిజిటల్ కెమెరా ఒకటి ఉంది. పాప ఫోటోలు తీసి, నేనే వెళ్లి చూపించి వస్తానని చెప్పాను.

మర్నాడు తెల్లవారుతుండగా జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. కాజీపేట దగ్గర పట్టాల మీద జనం కూర్చున్నారని చాలాసేపు ఆపేశారు. దిగి వేరే దారి చూసుకుందామా అనుకుంటుండగా కదిలింది. వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటి మానుకోటలో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. స్టేషన్ నుంచి ఆసుపత్రికి నడిచే పోవచ్చు గానీ, మనసు ఆగక ఆటో ఎక్కాను.

సుజాత గోడ పట్టుకుని అద్దాల పెట్టె పక్కన నిలబడి ఉంది. లోపల పాప నా అరచేతికి కాస్త పెద్దదిగా ఉంది, అంతే. ముక్కుకు గొట్టం. పొట్ట ఎగిసి పడుతోంది. నర్సు నా చేతిలో కెమెరా చూసి, "ఫ్లాష్ కొట్టద్దక్కా, జల్ది తీసుకొని ఎల్లిపో" అంది. నాలుగైదు ఫోటోలు తీశాను. అప్పుడే తెర ఒకసారి మినుకుమని మళ్లీ వెలిగింది. బ్యాటరీ తగ్గిందేమో అనుకున్నాను. ఫోటోలో పాప నిద్రపోతున్నట్టు కదలకుండా ఉంది. అది చూసిన సుజాత, "ఫోటో సూస్తె గూడ నమ్మడక్కా. కదిలేది తియ్యి" అంది. చిన్న వీడియో తీశాను. మధ్యలో డాక్టర్ వచ్చాడు. ఈ రెండు రోజులు గడిస్తే చాలన్నాడు. ఆ మాట శ్రీనుకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూనే బయటికి వచ్చాను.

బస్సులు లేవు కాబట్టి నర్సంపేట వైపు జీపులే దిక్కు. మామూలు రోజుల్లో తీసుకునే దానికి రెండింతలు అడుగుతున్నారు, అయినా సీటు దొరకడమే గొప్ప. డ్రైవర్ యాకూబ్ ఇంటికి సరుకులు వేసుకుని ములుగు దాకా పోతున్నాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. గూడూరు దాటాక దారి గుంతలమయం. సంచి ఒళ్లో పెట్టుకున్నా, అది డోరుకు కొట్టుకుంటూనే ఉంది. నర్సంపేటలో టీకి ఆపినప్పుడు ఫోటోలు ఒకసారి చూసుకుందామని కెమెరా తీశాను. బటన్ నొక్కితే లెన్స్ బయటికి వచ్చింది, ఎప్పటిలాగే చిన్న కూత కూసింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

నాకు తెలిసినవన్నీ చేశాను. ఆపి మళ్లీ వేశాను. బ్యాటరీ తీసి చీరకొంగుతో తుడిచి పెట్టాను. తెర మీది సమాచారాన్ని మార్చే బటన్ మార్చి మార్చి నొక్కాను. ఆకాశం వైపు పెట్టి ఒక ఫోటో తీస్తే చప్పుడు వచ్చింది, పక్కన చిన్న దీపం మినుకుమంది. అంటే కెమెరా పనిచేస్తోంది. కానీ పొద్దున తీసినవి లోపల ఉన్నాయో పోయాయో తెలిసే దారి లేదు. కార్డు బయటికి తీద్దామంటే, తీస్తే ఉన్నవి కూడా పోతాయేమోనని భయం. వెనక్కి మానుకోటకు పోయి వేరే కెమెరా వెతకాలంటే ఈ రోజుకు భూపాలపల్లి చేరలేను. యాకూబ్ టీ గ్లాసు చేతికిస్తూ, "పరేషాన్ గాకక్కా. ముంగట ఎవలన్న ఫోటోల దుకాణపోళ్లు దొరుకుతరు" అన్నాడు. టీ తాగకుండానే జీపు ఎక్కాను.

మల్లంపల్లి కూడలికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. ఆ రోజుల్లో రోడ్డు మీదే వండుకుని తినడం కూడా ఉద్యమమే. వచ్చిపోయే వాళ్లందరికీ పెట్టాల్సిందే. పెద్ద గంజులో కిచిడీ కలుపుతున్న ఒకావిడ జీపు దగ్గరికి వచ్చి, "దిగుండ్రి, తినకుంట పోనియ్యం" అంది. ఇంకెంతసేపు ఆపుతారని అడిగితే, "పొద్దుగూకేదాక" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చేసింది. పాప సంగతి, మరిది సంగతి, కెమెరా సంగతి అన్నీ ఆమెకు ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆమె గరిటె పక్కన పెట్టి, అక్కడే వీడియో తీస్తున్న ఒకాయనను కేకేసింది. ఆయనకు ఫోటో స్టూడియో ఉందట. ఆయన దగ్గరున్నది క్యాసెట్ వేసే పెద్ద కెమెరా. నా కార్డు అందులో పట్టదు. "గిది పెద్ద ముచ్చట గాదక్కా, రీసెట్ కొడితె వస్తది" అంటూ నా చేతిలోంచి కెమెరా తీసుకుని, ఏమీ కనిపించకపోయినా గబగబా బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు. కూత మీద కూత. అదే చోట బొమ్మలు చెరిపే బటన్ కూడా ఉంది.

"అన్నా, ఆపు!" అని లాక్కున్నాను.

లాక్కునే ఊపులో కెమెరా పక్కకు వంగింది. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా తెర మీద పడింది. నలుపులో నీటి అడుగున ఉన్నట్టు సన్నగా అక్షరాలు కనిపించాయి. కళ్లు చిట్లించి చూశాను. ఈ బొమ్మను చెరిపేయాలా అని ఇంగ్లీషులో అడుగుతోంది. దాని వెనకాల ఏ బొమ్మ ఉందో పోల్చుకోలేకపోయాను. వెంటనే ఆపేశాను. అది అడగడం ఇదే మొదటిసారా, అంతకుముందే ఆయన వేలు 'సరే' అన్నదా? ఆయనకూ తెలియదు. "నేనేం చెరపలేదక్కా... అనుకుంట" అన్నాడు, ముఖం చిన్నబోయి. ఒక్క సంగతి మాత్రం అర్థమైంది. తెరలో బొమ్మ వస్తూనే ఉంది, దాన్ని వెలిగించే దీపమే ఆరిపోయింది. అయినా మళ్లీ ఆన్ చేసి చూసే ధైర్యం మాత్రం చాల్లేదు.

వంటావిడ రోడ్డు మీది వాళ్ల వైపు తిరిగి, "ఓ తమ్మీ, గా రాళ్లు జర జరుపుండ్రి. బిడ్డ సంగతి తండ్రికి చెప్ప పోతున్నది" అని అరిచింది. ఒకరిద్దరు గొణిగినా, రాళ్లు జరిగాయి. జీపు కదులుతుంటే విస్తరాకులో కిచిడీ చుట్టి నా ఒళ్లో పడేసింది. "నువ్వు గూడ తిను బిడ్డా, మొకం పీక్కపోయింది" అంది. ఆమె పేరు అడగడం కూడా మరిచిపోయాను.

యాకూబ్ ములుగులో సరుకులు దింపాక, నేను అడగకుండానే బండిని భూపాలపల్లి వైపు తిప్పాడు. దారికి రెండు పక్కలా అడవి. ఎదురుగా వచ్చే బండి దాదాపు లేదు. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఆ గంటంతా నేను భయపడింది కెమెరా గురించి కాదు. ఈలోపు మానుకోట నుంచి అమ్మ ఫోన్ చేస్తే? చేసి, నేను దొరకక శ్రీనుకే చెప్పాల్సి వస్తే? గణపురం దాటాక సిగ్నల్ వచ్చింది. ఫోన్ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మోగలేదు. మోగకపోవడం మంచిదో చెడ్డదో అర్థం కాలేదు.

మేం చేరేసరికి పొద్దు వాలింది. శ్రీను వాళ్ల క్వార్టర్ ముందు మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే, "ఏది వదినా?" అన్నాడు. నీళ్లు కావాలా అని కూడా అడగలేదు. పాప బాగుందని, గొట్టం పెట్టారని, రెండు రోజులు జాగ్రత్తగా చూడాలన్నారని ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత కెమెరా తెర పోయిందన్నాను.

"నువ్వు గూడనా వదినా?" అన్నాడు.

సంచిలో టీవీకి కలిపే తీగ ఉంది. కానీ కరెంటు లేదు. బొగ్గు రాక కోతలు పెంచారట. పక్కింటి ఆమె టార్చిలైటు తెచ్చింది. భయపడుతూనే కెమెరా వేసి, తెర మీద ఏటవాలుగా వెలుతురు పెట్టాను. నర్సంపేటలో తీసిన ఆకాశం కాబోలు, తెల్లగా ఏదో కనిపించింది. వెనక్కి జరిపాను. బూడిదరంగులో మూటలా ఒక ఆకారం. శ్రీను దగ్గరగా చూసి తల తిప్పుకున్నాడు. "ఇది ఏ బిడ్డనో నాకేమెరుక? కండ్లు తెరిచున్నయో లేదో గూడ తెల్వట్లే" అన్నాడు.

బటన్లు తడుముకుంటూ వెనక్కి జరుపుకుంటూ పోయాను. వీడియో తీసింది చివర్లోనా, మధ్యలోనా? గుర్తు లేదు. ఏదో నొక్కాను. కెమెరా గరగరమంది. ఆ వెంటనే దాని చిన్న రంధ్రంలోంచి సన్నటి, కోపంగా ఉన్న ఏడుపు బయటికి వచ్చింది. పిల్లికూనలా ఉంది గానీ ఏడుపే. దాని మీద సుజాత గొంతు:

"ఇగో సూడయ్యా, నీ బిడ్డ. నువ్వేమో కాలిరగ్గొట్టుకొని ఆడ పన్నవు, ఇదేమో గీ అద్దాల పెట్టెల పన్నది. నాకు ఇద్దరి తోని తిప్పలే."

శ్రీను కాలు విరిగి వారం కూడా కాలేదు. ఆ మాటలు పాతవి కావడానికి వీల్లేదని అతనికి తెలుసు. ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే యాకూబ్ వెళ్లి అతని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. తువ్వాలు లోపలి నుంచే, "ఇంకోసారి పెట్టు వదినా" అన్నాడు శ్రీను. మళ్లీ పెట్టాను. మూడోసారీ పెట్టాను. పక్కింటి వాళ్లందరూ వచ్చి, తెరే లేని ఆ కెమెరా చుట్టూ చేరి విన్నారు.

భోజనాల వేళకు కరెంటు వచ్చింది. పసుపు రంగు పిన్ను టీవీలో పెట్టగానే పాప అంత పెద్ద తెర నిండా వచ్చింది, పిడికిలి గాలిలో ఆడిస్తూ. లెక్క చూస్తే ఫోటో ఒకటి తగ్గింది. మల్లంపల్లిలో చెరిగిందో, నేనే తప్పుగా లెక్కపెట్టానో ఇప్పటికీ తెలియదు. శ్రీను ట్రాక్టర్ మాట మళ్లీ ఎత్తలేదు. పాపను కొన్ని వారాల తర్వాత ఇంటికి తెచ్చారు. కెమెరాను హనుమకొండలో చూపిస్తే, తెరకు వెలుగునిచ్చే సన్నటి పట్టీ కుదుపులకు ఊడిందని చెప్పి సరిచేసి ఇచ్చారు.

ఆ దారిలో తర్వాత చాలాసార్లు తిరిగాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతూ కూడా పోయాను. అయినా మల్లంపల్లి కూడలి రాగానే మెలకువ వస్తుంది. ఆ రోజు నా ముందు ఉన్న రోడ్డంతా మూసి ఉందనిపించింది. నిజానికి అడ్డం పెట్టినవాళ్లే దారి ఇచ్చారు, ములుగు దాకా పోవాల్సినవాడు చివరిదాకా వచ్చాడు. భయంలో ఉన్నప్పుడు మనుషులు ఎంత దగ్గరగా ఉన్నారో కనిపించదు కాబోలు. ప్రయాణం పెట్టుకునే వాళ్లకు ఒక్క సలహా: దారిలో కెమెరా తెర నల్లబడితే, దాన్ని ఆపేసి ఎవరి చేతికీ ఇవ్వకండి. కనిపించకుండా ఏ బటన్ నొక్కినా బొమ్మలు పోవచ్చు. టీవీకి కలిపే తీగ ఎప్పుడూ సంచిలో పెట్టుకోండి, టీవీ ఉన్న ఇల్లు చేరాకే చూసుకోండి.