ఒక్కసారే చెప్పిన మాట

ఓరిన్ హాగ్‌స్టాడ్ ముప్పయ్యెనిమిదేళ్లు కరెంటు స్తంభాలు ఎక్కాడు. అమెరికాలోని మిన్నెసోటా పడమటి కొసన, సోయా చేల మీదుగా పోయే తీగలు మంచు బరువుకు ఎప్పుడు తెగినా కబురు అతనికే వచ్చేది. ఉద్యోగం మానేసరికి భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మిగిలిన పని ఒకటే. ఊరి బయట గడ్డి రన్‌వే పక్కన, రేకుల షెడ్లలో సొంత చేతుల్తో విమానాలు కట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి తీగల పని చూసేవాడు. జీతం లేదు, కాఫీ ఇస్తారు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి నోట కరుచుకుని, సీట్ల కింద తల దూర్చి వెతికేవాడు.

అక్కడి మనుషులకు ఒక పద్ధతుంది. సాటివాడి పనిలో తప్పు కనబడితే ఒక్కసారి చెప్పాలి. నేల చూస్తూ, మెల్లగా చెప్పాలి. రెండోసారి చెప్పడమంటే అవతలివాణ్ణి చిన్నపిల్లవాడి కింద జమకట్టడమే. ఓరిన్ తండ్రి అలాగే బతికాడు. ఓరిన్ కూడా అంతే.

డెల్మర్ క్రీజెల్‌ది బడి బల్లలు చేసే వడ్రంగి పని. ఓరిన్‌కు నలభై ఏళ్ల నేస్తం. డెల్మర్, అతని భార్య మార్లిస్ ఉండే ఇంట్లోనే ఓరిన్ ఆదివారం భోజనం. వారంలో అతను మరొకరితో కలిసి తినేది ఆ ఒక్క పూటే.

డెల్మర్ తొమ్మిదేళ్లుగా రెండు సీట్ల విమానం కడుతున్నాడు. మీటర్లు బిగించే పలకకు వాల్‌నట్ చెక్క అతికించి అద్దంలా మెరుగుపెట్టాడు. తొలిసారి ఎగరడానికి రెండు రోజుల ముందు, రన్‌వేను ఆనుకుని ఉన్న వాళ్లింటి షెడ్డుకు ఓరిన్ చూడటానికి వెళ్లాడు. మార్లిస్ కాఫీ తెచ్చి రెక్క మీద పెట్టింది.

“తొమ్మిదేళ్లుగా నా కారు మంచులో నిలబడింది, దీని పుణ్యమా అని,” అంది. “ఇది ఎగిరిపోతే షెడ్డు నాది. చెప్పు నీ నేస్తానికి.”

ఆమె వెళ్లిపోయాక ఓరిన్ విమానం నడిపే కర్ర మీది బొత్తాం నొక్కి చూశాడు. కర్ర లాగితే ముక్కు లేస్తుంది, తోస్తే దిగుతుంది. ఎంతసేపని లాగి పట్టుకుంటాం? ఆ బరువు చేతికి తగలకుండా తోక అంచున ఒక చిన్న పలక ఉంటుంది. ట్రిమ్ అంటారు. బొత్తాం నొక్కినంతసేపూ ఒక చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది.

“బొత్తాం వదిలినా మోటారు ఆగకపోతే?” అన్నాడు ఓరిన్.

“కొత్తదోయ్. పెట్టె విప్పి వారం కాలేదు.”

“కొత్తదే. మోటారుకు కరెంటిచ్చే రిలే లోపల అతుక్కుపోతే కొత్తా పాతా ఉండదు. దాని కరెంటు ఆపే మీట ఎక్కడ?”

డెల్మర్ కుడి సీటు వెనకున్న గోడ చూపించాడు.

“అంత దూరంలోనా?”

“ఈ చెక్క మీద ఎర్ర మీట పెడితే పెళ్లికూతురి ముక్కు మీద పులిపిరిలా ఉంటుంది. స్తంభాలు పట్టుకు వేలాడినవాడివి, నీకు చెక్క సంగతేం తెలుసు?”

“తెలీదులే. నేనైతే మీట ఎదురుగా పెట్టుకుంటా. తోక పలక తిరిగే దూరం కూడా తగ్గిస్తా. మోటారు చివరిదాకా తిరిగినా చేతి బలంతో ఆపుకోవచ్చు.”

“ముందు ఎగరనీ. చలికాలం ఎలాగూ విప్పుతాను, అప్పుడు చూద్దాం.”

రెండో మాట ఓరిన్ గొంతు దాకా వచ్చింది. కాఫీతో పాటు మింగేశాడు.

శనివారం పొద్దున డెల్మర్ విమానంతో గాల్లోకి లేచాడు. ఇరవై నిమిషాలు అంతా బాగానే ఉంది. రన్‌వే పక్కన నిలబడ్డ ఓరిన్ చేతిలోని రేడియో పలికింది.

“ఓరిన్, ముక్కు దిగుతోంది. బొత్తాం వదిలేశా, మోటారు ఆగట్లేదు.”

“మీట లాగు.”

“రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి. ఒకటి తీస్తే పడతా.”

“ఇంజను తగ్గించు. వేగం తగ్గితే బరువూ తగ్గుతుంది.”

“దానిక్కూడా చెయ్యి కావాలి కదయ్యా.”

ఆ మాటలో చిన్న నవ్వుంది. తర్వాత ఊపిరి లాగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. రోడ్డు అవతల సోయా చేలో దుమ్ము లేచింది.

విచారణ చేసినవాళ్లు రిలే అతుక్కుందని రాశారు. మీట అందనంత దూరంలో ఉందని కూడా రాశారు. దాని గురించి షెడ్డులో ఒక మాట నడిచిందని ఎవరికీ తెలియదు. విన్నవాళ్లు ఇద్దరు, ఒకడు లేడు. ఓరిన్ ఊరుకుంటే ఆ మాట అక్కడితో సరి. చెబితే ఆదివారం పూట ఆ బల్ల దగ్గర అతని కుర్చీ ఉండదు.

మూడు వారాలు ఆ ఇంటి వైపు వెళ్లలేదు. నాలుగో ఆదివారం మార్లిస్ ఫోను చేసి రమ్మంది. బల్ల మీద ముగ్గురికి సరిపడా వంట ఉంది, అలవాటుగా వండినట్టుంది. విచారణ కాగితం ఆమె పళ్లెం పక్కనే ఉంది.

“ఆ మీట అంత దూరంలో ఉందని నువ్వు చూశావా?”

ఓరిన్ చెంచా కింద పెట్టాడు. “చూశాను.”

“ఏమన్నావు?”

“ఎదురుగా పెట్టుకోమన్నా.”

“ఎన్నిసార్లు?”

“ఒక్కసారి.”

మార్లిస్ విచారణ కాగితం మడిచి పక్కన పెట్టింది.

“నాతో ఒక్క మాట అనలేకపోయావా, ఓరిన్? నేను రోజూ అనేదాన్ని. నిద్రపోనిచ్చేదాన్ని కాదు. విసిగిపోయి ఆ చెక్కను తనే పగలగొట్టి మీట పెట్టేవాడు. నా నోటికి మీ మగాళ్ల మర్యాదలు లేవుగా.”

“లేవు,” అన్నాడు ఓరిన్.

“అబద్ధం చెప్పనందుకు సంతోషం. ఇంక ఆదివారాలు రావద్దు.”

అతను కోటు తీసుకున్నాడు. పళ్లెంలో అన్నీ అలాగే ఉన్నాయి. గుమ్మం దాకా ఆమె రాలేదు.

మర్నాడు గేలెన్ వాస్ అనే పాలరైతు కట్టుకుంటున్న విమానంలో ఓరిన్ సీటు కింద నుంచి తల బయటికి తీశాడు. అక్కడా మీట వెనకే ఉంది. చెప్పాడు. గేలెన్ తలూపి, స్క్రూలు బిగించుకుంటూ పోయాడు. ఓరిన్ మళ్లీ చెప్పాడు.

“విన్నానయ్యా. నాకేమైనా చెవుడా?” గేలెన్ మొహం ఎర్రబడింది. “కాఫీ అయిపోయిందిగా, ఇంక వెళ్లు.”

ఓరిన్ వెళ్లలేదు. రేకు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, మూడోసారి మొదలుపెట్టాడు.