పసుపు నీళ్ల ఓనరమ్మ

పసుపు నీళ్లు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బోధన్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ చేతిలో ఎప్పుడూ పసుపు నీళ్ల చెంబు ఉండేది. మైల అనిపించిన చోటల్లా చల్లేది. మేం నడిచిన చోటల్లా ఆవిడకు మైలే. గొప్ప భక్తురాలని వాడకట్టంతా మెచ్చుకునేది. మెచ్చుకున్నవాళ్లెవరూ ఆ ఇంట్లో అద్దెకు లేరు.

కృష్ణాష్టమికి ముందురోజు నేను నిజామాబాద్ ఆస్పత్రి నుంచి చంటిపిల్లతో తిరిగొచ్చాను. గేటు దగ్గరే ఆపేసింది.

"పురుడు ఎల్లేదాంక మా వాకిట్లకు రాకు. రేపు ఇంట్ల దేవుడు పుడ్తడు."

కుట్ల నొప్పితో వెనక సందులోంచి నడిచి మా గదికి చేరాను.

మర్నాడు సాయంత్రం వాకిలి నిండా పిండితో బుల్లి పాదాలు వేసింది. తొట్టెలకు తమ తోటలోని చెరుకు గడలు కట్టి, వెండి కృష్ణుణ్ణి పడుకోబెట్టి, ఆడవాళ్లందరితో జోల పాడించింది. అంతలో నా బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఓనరమ్మ చెంబు పట్టుకునే మా గుమ్మం ముందుకొచ్చింది.

"గా పిల్ల ఏడ్పు జర బంద్ చేయిండ్రి. దేవుడు గిప్పుడే పండుకున్నడు."

పురిటికి తోడుగా వచ్చిన మా అమ్మ ఊరుకోలేదు. "గా దేవుణ్ణి కన్న తల్లి బాలింతగ మీ ఇంటికొస్తే, ఆమెను గూడ సందులకెల్లే పొమ్మంటవా అక్కా?"

ఓనరమ్మ మా గడప మీద పసుపు నీళ్లు చిలకరించి, జోలపాట మళ్లీ అందుకుంటూ వెళ్లిపోయింది.