సూర్యుడి మీద నా గీత

పోయిన నెల మా పెద్దమ్మ ఆసుపత్రిలో కన్నుమూసింది. మా అమ్మకు అక్క. మోండా మార్కెట్లో ముప్పై ఏళ్లు ఆకుకూరలు అమ్మిన మనిషి. ఎట్లా పోయిందని అడిగినవాళ్లకు, "కడుపులో పుండు పడి రక్తం పోయింది" అని చెబుతున్నాను. అది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. చేయి పట్టుకుని తీసుకెళ్లి చేర్పించింది పెద్దమ్మే. అప్పటినుంచి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేది. కరెంటు బిల్లు, పెళ్లి పత్రిక, డాక్టర్ చీటీ. "నువ్వు సదువు బిడ్డా, మేం ఇంటం" అనేది. నేను చదివినంతసేపూ మెంతికూర కట్టలు కట్టడం కూడా ఆపేది.

మోకాళ్ల నొప్పులకు రోజూ గోలీ వేసుకునేది. ఆ గోలీ కడుపును పాడుచేయకుండా డాక్టర్ పరగడుపున ఇంకోటి రాశాడు, అందరం గ్యాస్ గోలీ అంటామే, అది. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి డబ్బాల మూతల మీద బొమ్మలు గీసిచ్చాను. గ్యాస్ గోలీకి సూర్యుడు, నొప్పి గోలీకి అన్నం పళ్లెం.

"సూర్యునికి మీసాలేందే? మీ పెదనాయన లెక్కున్నడు" అని నవ్వింది. ఎప్పుడూ తడిగా ఉండే ఆమె చేతులకు బొమ్మలు చెరిగిపోయేవి. మళ్లీ గీసేదాన్ని.

ఎండాకాలంలో నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. గ్యాస్ గోలీలు ఏళ్ల తరబడి మింగితే కడుపులో క్యాన్సర్ వస్తుందని. డిగ్రీ చదివినదాన్ని, అది ఎవరు రాశారని కూడా చూడలేదు. ఆ సాయంత్రమే వెళ్లి సూర్యుడి మీద అడ్డంగా గీత కొట్టాను.

"డాక్టర్ సాబ్‌ను ఒక మాట అడుగుదమా?"

"వాళ్లు గివన్నీ చెప్తరా పెద్దమ్మా? నేను చదివిన కదా."

"గట్లనా. నువ్వు సదివినంక ఇంకేముంది."

నొప్పి గోలీ మాత్రం మానలేదు. మోకాళ్లు వంగకపోతే మార్కెట్లో కూర్చోలేదు. రెండు నెలలకు రక్తం కక్కుకుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "కడుపుకు రాసిన గోలీ ఎందుకు ఆపారు?" అని అడిగింది.

"మతికి లేకుండె మేడం. ముసల్దాన్ని కదా" అంది పెద్దమ్మ, నావైపు చూడకుండా.

తర్వాత వరండాలో డాక్టరమ్మకు ఆ మెసేజ్ చూపించాను. మాన్పించింది నేనేనని అప్పుడూ చెప్పలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయట, క్యాన్సర్‌కు ఆ గోలీయే కారణమని మాత్రం తేలలేదట. అవసరం లేకుండా ఏళ్లకేళ్లు మింగడమూ మంచిది కాదట. "కానీ రోజూ నొప్పి గోలీ వేసుకునే పెద్దవాళ్లకు కడుపును కాపాడేది ఇదేనమ్మా. ఆపే ముందు అడగాలి" అంది.

అడుగుదామని పెద్దమ్మ అననే అంది.

మా అమ్మకు నిన్న చెప్పాను. ఆమె లేచి వెళ్లి పెద్దమ్మ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

లోపల గోలీలు ఆ రోజు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మూత మీద మీసాల సూర్యుడు, అతని మీద నా గీత. తడి చేతులకు ఈసారి చెరిగిపోకుండా, దాని మీద పెద్దమ్మ టేపు అంటించుకుంది.