వెలుతురు బాకీ

ఆ వీధిలో ఆవిడను అందరూ గుడ్ల పిన్ని అనేవారు. ఆవిడ భర్త కరెంటు బాబాయి. స్తంభం మీంచి పడ్డాక ఆయన కుడిచేతికి పట్టు పోయింది, ఉద్యోగం పోయింది, పేరొక్కటే మిగిలింది. అప్పటినుంచి పెరట్లో రేకుల షెడ్డు, అందులోని పెట్టలే ఇద్దరినీ పోషిస్తున్నాయి.

చలికాలం వచ్చిందంటే పిన్ని గుండెల్లో రాయి పడేది. పగళ్లు కుంచించుకుపోయేకొద్దీ గూళ్లలో గుడ్లు తగ్గిపోయేవి. గడ్డిలో చెయ్యి పెడితే చలి తగిలేది, అంతే. ఈసారి బేకరీ ఆయన మొహం మీదే చెప్పేశాడు.

"పిన్నీ, నా కేకులకి చలికాలం సెలవులుండవు. నువ్వివ్వలేకపోతే ఇంకోచోట చూసుకుంటా."

గుడ్లు ఆగితే దాణా ఆగుతుంది. దాణా ఆగితే పెట్టలు కోళ్ల కొట్టుకే.

పశువుల డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. కోడి గుడ్డు పెట్టేది వెలుతురును బట్టేనట. తెల్లవారకముందే షెడ్డులో బల్బు వెలిగిస్తే, పెద్ద పగళ్లే నడుస్తున్నాయని నమ్ముతుందట. "మొదలుపెడితే మాత్రం మధ్యలో మానకండి," అంది.

ఆ మాట వినగానే బాబాయి లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్లకో తనకు తగిన పని. ఎడమచేత్తో పట్టుకుని పళ్లతో వైరు ఒలిచాడు. పిన్నిని స్టూలెక్కించి కింద నుంచి పురమాయించాడు.

"అది కాదే, ఎర్ర వైరు!"

"రెండూ నల్లగానే ఏడిశాయి కదండీ!"

"దుమ్ము తుడిచి చూడు, మహాతల్లీ!"

బల్బు వెలిగింది. మసక వేకువల్లో రేకుల సందుల్లోంచి పసుపు గీతలు పెరడంతా పరుచుకునేవి. పెట్టలు కర్ర మీంచి దిగి, రెక్కలు దులుపుకుని, ఎక్కడో వేసవి ఉందన్నట్టు నేలను గీకేవి. మెల్లగా గూళ్లు వెచ్చబడ్డాయి. పిన్ని మొదటి గుడ్డును చెంపకు ఆనించుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

"చూశావా," అన్నాడు బాబాయి, "సూర్యుడు డ్యూటీ ఎగ్గొడితే నేనెక్కాను."

ముసురు పట్టిన వారంలో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. "కరెంటు బాబాయి ఇంట్లోనే చీకటైతే మాబోటివాళ్ల గతేంటి?" అన్నాడు పక్కింటి దర్జీ. బాబాయి అందరితోపాటు నవ్వాడు. నవ్వుతూనే కుడిచేతిని శాలువాలోకి దాచుకున్నాడు. లాంతరు పెట్టి చూస్తే పెట్టలు నీడలకు బెదిరి మూల నక్కాయి. వారం తర్వాత మళ్లీ కరెంటు వచ్చేసరికి గుడ్లు ఆగిపోయాయి, అవి ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. అంత చలిలో, బోసి మెడలతో.

"వాటికి వెలుతురు బాకీ పడ్డామే," అన్నాడు బాబాయి. "తీర్చేద్దాం."

రాత్రీ పగలూ బల్బు ఆర్పలేదు. ఇది సబబేనా అని పిన్నికి లోపల పీకుతూనే ఉంది. ఆయన స్విచ్చు దగ్గర కాపలా కూర్చున్న తీరు చూసి నోరు రాలేదు. నిద్ర లేని పెట్టలు ఒకదాని బోసి మెడ ఒకటి పొడుచుకున్నాయి. గడ్డి మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

డాక్టరమ్మ చూసి నిట్టూర్చింది. "బల్బు తీసెయ్యండి. వాటిని పడుకోనివ్వండి. పగళ్లు పెరిగేదాకా ఇక గుడ్లు రావు పిన్నిగారూ."

అందాకా దాణా ఎక్కణ్ణుంచి వస్తుంది? బేకరీ ఆయన అప్పటికే ఇంకోచోట చూసుకున్నాడు. పిన్ని కోళ్ల కొట్టతనికి కబురు పెట్టింది. ఆ తర్వాత బల్బు విప్పి తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది.

"మాడిపోయిందండీ."

ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపలి తీగ తెగితే గలగలమంటుంది. ఏ చప్పుడూ లేదు.

"అవును," అన్నాడాయన. "మాడిపోయింది."

పొద్దు వాలుతుండగా కోళ్ల కొట్టతను గంపలతో వచ్చాడు. షెడ్డులోకి తొంగి చూసి, "ఏం కనపడట్లేదు. లైటెయ్యి బాబాయ్," అన్నాడు.

"బల్బు మాడిపోయిందయ్యా."

"పోన్లే, ఇదే నయం. చీకట్లో కోడి కదలదు."

నిజంగానే కదల్లేదు. ఒక్కొక్కటే, ఇంకా నిద్రలోనే, అతని చేతుల్లోకి వచ్చేశాయి. వెచ్చగా ఉన్నాయా అని అడగబోయి పిన్ని మానుకుంది. గంప మూత పట్టుకుని నిలబడింది.